ఊరిని అమ్మొచ్చా? ముర్సియాలో మాయమైన ఒక క్లబ్ కథ

"నాన్నా, మన టీం దొంగ టీమా?"

మొన్న శనివారం మ్యాచ్ చూసి ఇంటికొస్తుంటే మా చిన్నోడు అడిగిన ప్రశ్న ఇది. వాడికి పదకొండేళ్ళు. పుట్టింది, పెరిగింది ఇక్కడే, మిల్టన్ కీన్స్‌లో. ఊళ్ళో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్ ఎంకే డాన్స్ కాబట్టి ఆ క్లబ్ కండువా మెడలో వేసుకుని తిరుగుతాడు. బళ్ళో వాడి స్నేహితుడి తాత సౌత్ లండన్ మనిషి. "మీది క్లబ్ కాదు బాబూ, మా దగ్గర్నుంచి ఎత్తుకెళ్ళింది" అన్నాడట ఆ పెద్దాయన.

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన వింబుల్డన్ క్లబ్‌ను, 2002లో ముగ్గురు సభ్యుల కమిషన్ ఒకటీ రెండు ఓట్ల లెక్కతో ఊరు దాటనిచ్చింది. మరుసటి ఏడాది ఆ క్లబ్ యాభై ఆరు మైళ్ళ దూరంలోని మా ఊరికి వచ్చింది. 2004లో పేరు కూడా మారింది. మా వాడికి ఇదంతా ఎలా చెప్పాలో తెలియక ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇలా ఊరు మారిన క్లబ్బులు ఇంకెక్కడైనా ఉన్నాయా అని వెతుకుతూ పోతే స్పెయిన్‌లోని ముర్సియాలో తేలాను. అక్కడ కనిపించిన కథ వింబుల్డన్ కథ కంటే చిన్నది. తెలిసినవాళ్ళు కూడా తక్కువ. కానీ ఒక క్లబ్ ఎవరిది అనే ప్రశ్నను అది ఇంకా సూటిగా అడుగుతుంది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

ఎనిమిదేళ్ళ ఆయుష్షు

ముర్సియా స్పెయిన్‌కు ఆగ్నేయాన ఉన్న నగరం. జనాభా నాలుగు లక్షల పైచిలుకు. అక్కడ పాత క్లబ్ రియల్ ముర్సియా. తాతల నాటి నుంచి ఊరి అభిమానమంతా దానిదే. అలాంటి చోట 1999లో కికె పినా అనే మాజీ ఆటగాడు కొత్త క్లబ్ పెట్టాడు. పేరు 'సియుదాద్ దె ముర్సియా'. అంటే 'ముర్సియా నగరం' అని అర్థం. ఈ పేరును గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ క్లబ్ ఎదిగిన వేగం ఆశ్చర్యంగా ఉంటుంది. కింది స్థాయి ప్రాంతీయ లీగ్‌లో మొదలుపెట్టి మెట్టు మెట్టు ఎక్కుతూ 2003కల్లా స్పెయిన్ రెండో డివిజన్‌కు చేరింది. నాలుగేళ్ళు. మన దగ్గర ఒక ఫ్లైఓవర్ పూర్తికావడానికి కూడా చాలని కాలం. ఆడే మైదానం ఊరి నడుమ ఉన్న లా కొండొమినా, 1924లో తెరిచిన పాత స్టేడియం. 2006లో రియల్ ముర్సియా ఊరి బయట కట్టిన కొత్త స్టేడియానికి మారిపోయినా ఈ చిన్న క్లబ్ మాత్రం పాత గోడల మధ్యే ఆడుకుంది.

చిన్నదే అయినా చేవ లేనిదేం కాదు. డానీ గూయిసా అనే స్ట్రైకర్ 2003 నుంచి 2005 దాకా ఇక్కడ గోల్స్ కొట్టి పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత 2007-08లో మయోర్కా తరఫున 27 గోల్స్‌తో స్పెయిన్ మొదటి డివిజన్‌లో అందరికంటే ఎక్కువ కొట్టినవాడయ్యాడు. 2008 జూన్ 29న వియెన్నాలో జర్మనీని ఓడించి స్పెయిన్ యూరో కప్ గెలిచిన ఫైనల్‌లో, ఫెర్నాండో టోరెస్ బయటికి వస్తే లోపలికి వెళ్ళింది ఈ గూయిసానే. ఆ రాత్రి ముర్సియాలో ఎవరో ఒకరు "వీడు మా దగ్గర ఆడినోడే" అని పక్కవాడికి చెప్పే ఉంటారు. అయితే అప్పటికి 'మా దగ్గర' అనే చోటే లేదు.

ఏం జరిగిందో చెబుతాను. రెండో డివిజన్‌లో 22 జట్లు, ఒక్కొక్కరికి 42 మ్యాచ్‌లు. అప్పట్లో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవాళ్ళు పై డివిజన్‌కు వెళ్ళేవాళ్ళు. 2005-06లో సియుదాద్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క మెట్టు తక్కువ. 2006-07లో మళ్ళీ నాలుగో స్థానమే. ఈసారి బాధ ఇంకాస్త ఎక్కువ. మూడో స్థానంలో నిలిచి పైకి వెళ్ళింది ఎవరో కాదు, అదే ఊరి పెద్దన్న రియల్ ముర్సియా.

ఏ ఊళ్ళోనైనా ఆ వేసవి ఎలా గడవాలి? "వచ్చే ఏడు చూసుకుందాం" అని అభిమానులు చాయ్ దుకాణాల దగ్గర లెక్కలు వేసుకుంటూ గడపాలి. వీళ్ళకు ఆ వచ్చే ఏడు రాలేదు. 2007 వేసవిలో క్లబ్‌ను గ్రనాడాకు చెందిన కార్లోస్ మర్సా అనే వ్యాపారికి అమ్మేశారు. అతనికి అప్పటికే తన ఊళ్ళో 'గ్రనాడా 74' అనే చిన్న క్లబ్ ఉంది. కింది డివిజన్ల నుంచి దాన్ని పైకి తేవాలంటే ఏళ్ళు పడుతుంది. కాబట్టి రెండో డివిజన్‌లో ఉన్న క్లబ్‌నే కొనుక్కుని, పేరు మార్చి, దాదాపు 280 కిలోమీటర్ల దూరంలోని తన ఊరికి తీసుకుపోయాడు. 'ముర్సియా నగరం' అనే పేరున్న క్లబ్‌కు రాత్రికి రాత్రి ముర్సియాతో సంబంధం తెగిపోయింది.

కొన్నవాడికి దక్కిందేమిటి?

స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య దీన్ని ఒప్పుకోలేదు. గొడవ స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో ఉన్న క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్ళింది. తాత్కాలిక ఉత్తర్వుతో ఆ సీజన్ ఆడేందుకు దారి దొరికింది. కాగితం గెలిచింది. మరి జనం?

గ్రనాడాలో 1931 నుంచి గ్రనాడా సీఎఫ్ అనే పాత క్లబ్ ఉంది. అప్పటికి అది చితికిపోయి మూడో అంచెలో, సెగుండా బిలో ఆడుతోంది. అయినా ఊరి మనసు దానితోనే ఉంది. కొనుక్కొచ్చిన క్లబ్ తన కంటే ఒక మెట్టు పైన ఆడుతున్నా, గ్రనాడా జనం "ఇది మాది" అనలేదు. ఆ క్లబ్ తన మ్యాచ్‌లు గ్రనాడాలో కాకుండా దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న మోత్రిల్ పట్టణంలో ఆడుకోవలసి వచ్చింది. ముర్సియాది కాకుండా పోయింది, గ్రనాడాది కాలేకపోయింది.

ఫలితం ఊహించడం కష్టం కాదు. నిరుడు నాలుగో స్థానంలో నిలిచిన లీగ్ స్థానమే, ఈ ఏడు అట్టడుగుకు చేరి 2008లో సెగుండా బికి దిగిపోయింది. 2009లో అక్కడి నుంచి కూడా కిందికి పడింది. అక్కడితో సియుదాద్ దె ముర్సియా నుంచి కొనుక్కొచ్చిన ఆ వారసత్వం ముగిసిపోయింది. రెండేళ్ళు పట్టింది, అంతే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 2009లో అప్పుల్లో కూరుకున్న పాత గ్రనాడా సీఎఫ్ పగ్గాలు పట్టింది ఎవరో తెలుసా? సియుదాద్‌ను స్థాపించిన ఆ కికె పినానే. ఇటలీలోని ఉడినేసె క్లబ్ అండతో వరసగా రెండేళ్ళు, 2010లో, 2011లో పై డివిజన్లకు చేర్చి గ్రనాడాను మొదటి డివిజన్‌లో నిలబెట్టాడు. అదే నగరంలో కొనుక్కొచ్చిన పేరు చచ్చిపోయింది, ఊరిలో పుట్టిన పేరు బతికింది. నడిపేవాళ్ళ నేర్పు ముఖ్యమే. కానీ ఆ నేర్పు నాటుకోవడానికి కూడా కింద మట్టి ఉండాలి.

తప్పు ఒక్క మనిషిదేనా?

ఇక్కడిదాకా చదివినవాళ్ళు అమ్మినవాణ్ణి, కొన్నవాణ్ణి తిట్టుకుని ఊరుకోవచ్చు. నేనూ మొదట అదే చేశాను. ఇంకాస్త వెనక్కి వెళ్ళి చూస్తే వేరే సంగతి కనిపించింది.

స్పెయిన్‌లో ఒకప్పుడు క్లబ్బులంటే సభ్యుల సంఘాలు. చందా కట్టిన సభ్యులే అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్ళు. 1980లలో క్లబ్బుల అప్పులు కొండల్లా పెరిగిపోయాయి. దానికి మందుగా 1990 అక్టోబర్‌లో కొత్త క్రీడా చట్టం తెచ్చారు. మొదటి రెండు డివిజన్లలో ఆడే క్లబ్బులన్నీ షేర్లు ఉన్న కంపెనీలుగా మారాలి అన్నది దాని సారాంశం. అంతకుముందు కొన్నేళ్ళుగా లెక్కలు సరిగా ఉన్న నాలుగు క్లబ్బులకే మినహాయింపు దొరికింది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా. ప్రపంచంలో అతి ధనిక క్లబ్బుల్లో రెండు ఇప్పటికీ సభ్యుల చేతిలో ఉన్నాయి. బక్కచిక్కిన క్లబ్బులేమో కంపెనీలయ్యాయి. ఈ తమాషా చూశారా?

మరి ఆ మందు రోగాన్ని తగ్గించిందా అంటే, లేదు. తర్వాతి ఇరవై ఏళ్ళలో ఎన్నో కంపెనీ క్లబ్బులు దివాలా కోర్టుల మెట్లెక్కాయి. 1923లో పుట్టి మొదటి డివిజన్‌లో కూడా ఆడిన యూడీ సలమాంకా 2013లో అప్పుల కింద నలిగి రద్దయిపోయింది. అప్పులు పోలేదు, బాధ్యత రాలేదు. కొత్తగా వచ్చిందల్లా ఒక్కటే. క్లబ్ అమ్ముడుపోయే సరుకైంది.

సియుదాద్ కథను ఈ వెలుగులో చూడండి. రెండో డివిజన్‌కు ఎదగడమే దాని పెద్ద విజయం. ఆ డివిజన్‌లో ఆడాలంటే కంపెనీగా మారడం తప్పనిసరి. కంపెనీ అయ్యాక షేర్లు ఎవరి దగ్గర ఉంటే క్లబ్ వాళ్ళది. అంటే ఆ క్లబ్ ఎంత బాగా ఆడితే అంత ఖరీదైన వస్తువైంది, అంత తొందరగా ఊరికి దూరమైంది. తన గెలుపే తన మెడకు ఉరితాడైన జట్టు ఇది.

"డబ్బు పెట్టినవాడు అమ్ముకుంటే తప్పేంటి?"

మా ఆఫీసులో ఒక మిత్రుడితో ఈ విషయం మాట్లాడితే ఆయన ఇదే అడిగాడు. "క్లబ్ పెట్టింది ఆయన. డబ్బు పెట్టింది ఆయన. స్టేడియం నిండే జనం లేరు. ఊళ్ళో అందరూ పెద్ద క్లబ్ వైపే ఉన్నారు. నష్టాలు భరిస్తూ కూర్చోమని ఎవరంటారు?"

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. నిజమే, సియుదాద్ జనంలో నుంచి పుట్టిన క్లబ్ కాదు. ఒక మనిషి ఆలోచన అది. లా కొండొమినా ఏనాడూ కిక్కిరిసిపోలేదు కూడా. అందుకే నేను దీన్ని 'పవిత్రమైన పాత క్లబ్‌ను పాడుచేశారు' అనే కథగా చెప్పడం లేదు.

కానీ నా జవాబు ఇది. నష్టం వస్తే కంపెనీ మూసేసుకోవచ్చు. తన షేర్లు తను అమ్ముకోవచ్చు. ఆ హక్కును ఎవరూ కాదనరు. కానీ 2007లో అమ్ముడుపోయింది కుర్చీలు, బంతులు, బస్సులు కాదు. రెండో డివిజన్‌లో ఆడే స్థానం. ఆ స్థానాన్ని ఎవరూ డబ్బుతో కొనలేదు. ఎనిమిదేళ్ళపాటు మైదానంలో గెలిచి సంపాదించారు. గెలుపులో ఆటగాళ్ళ చెమట ఉంది, ముర్సియా పేరు ఉంది, వానలో ఎండలో వచ్చి కూర్చున్న ఆ కొద్దిమంది ఉన్నారు. ఇంటిని అమ్ముకోవచ్చు. ఇంటి పేరును, ఆ ఇంటివాళ్ళు బళ్ళో తెచ్చుకున్న మార్కులను కూడా కలిపి అమ్ముతానంటే ఎలా?

ఇక జనం తక్కువ అన్నమాట. ఎంతమంది ఉంటే ఊరు అవుతుంది? రెండు వేలమంది గుండెకు తగిలిన దెబ్బ, ఇరవై వేలమందికి తగిలినదానికంటే చిన్నదా? పెద్ద క్లబ్‌ను అమ్మితే ఊరు రోడ్డు మీదికి వస్తుంది, పత్రికలు రాస్తాయి, మంత్రులు మాట్లాడతారు. చిన్న క్లబ్‌కు ఆ కవచం లేదు. చట్టం ఎవరికి ఎక్కువ అవసరం? తమ గొంతు తాము వినిపించుకోలేనివాళ్ళకే కదా.

మిగిలినవాళ్ళు ఏం చేశారు?

ముర్సియా అభిమానులు మూడేళ్ళు క్లబ్ లేకుండా గడిపారు. 2010లో వాళ్ళే చందాలు వేసుకుని 'క్యాప్ సియుదాద్ దె ముర్సియా' అనే కొత్త క్లబ్ పెట్టారు. ముందున్న 'క్యాప్'కు అర్థం ప్రజల వాటాలతో నడిచే క్లబ్ అని. పాత పేరును వెనక్కి తెచ్చుకున్నారు, కానీ ఈసారి తాళంచెవి ఒక్కరి జేబులో పెట్టలేదు. అట్టడుగు ప్రాంతీయ లీగ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. కాగితం మీద పోగొట్టుకున్నదాన్ని కాగితం మీదే కట్టుకోవాలని వాళ్ళకు అర్థమైంది. నాకు వీళ్ళమీద గౌరవం కలిగింది ఇక్కడే.

సలమాంకాలోనూ అంతే. 2013లో క్లబ్ పోయిన వేసవిలోనే అభిమానులు యూనియనిస్తాస్ అనే సభ్యుల క్లబ్ పెట్టారు. 2024 జనవరిలో స్పెయిన్ రాజు కప్‌లో ఆ క్లబ్ మొదటి డివిజన్ జట్టు విల్యారియల్‌ను పెనాల్టీలలో ఇంటికి పంపింది. ఇక్కడ వింబుల్డన్ అభిమానులు 2002లో పెట్టుకున్న ఏఎఫ్‌సీ వింబుల్డన్ తొమ్మిదేళ్ళలో ఫుట్‌బాల్ లీగ్‌కు చేరింది, 2020లో తమ పాత వీధి ప్లవ్ లేన్‌లో సొంత స్టేడియం కట్టుకుంది. అన్నీ పోయినవాళ్ళు కూడా నిలబడగలరని ఇవి చెబుతున్నాయి. అయితే ఒక మాట. మళ్ళీ కట్టుకోగలరు కదా అని కూలగొట్టడం న్యాయం అయిపోదు. కోల్పోయిన ఏళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

హైదరాబాద్ సంగతి

ఎక్కడో స్పెయిన్ సంగతి మనకెందుకు అనుకునేవాళ్ళు ఒక్కసారి ఇంటివైపు చూడండి. భారత జట్టుకు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్ రహీం సాబ్ మన హైదరాబాద్ మనిషి. అలాంటి నగరానికి 2019లో ఐఎస్ఎల్ క్లబ్ వచ్చింది. ఎలా వచ్చింది? పుణె సిటీ క్లబ్ మూతపడితే ఆ ఖాళీలో వచ్చింది. మనం పండగ చేసుకున్నాం. పుణెలో ఎవరు ఏడ్చారో మనలో ఎవరమూ అడగలేదు, నేనూ అడగలేదు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు ఎత్తినప్పుడు మా ఇంట్లో అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు.

2025 అక్టోబర్‌లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఇప్పుడు పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ముర్సియాకు జరిగింది మనకూ జరిగింది. అంతకుముందు పుణెకు మిగిలిన ఖాళీలో మనం లాభపడ్డాం. రెండు వైపులా నిలబడి చూసినవాళ్ళం కాబట్టి మనం ఈ విషయంలో మాట్లాడటానికి అర్హులం.

అడగవలసింది పెద్ద విప్లవమేం కాదు. క్లబ్ పేరు, ఊరు, లీగ్ స్థానం, ఈ మూడూ షేర్లతో పాటు చేతులు మారకూడదు. ఊరు మార్చాలంటే ఆ ఊళ్ళో నమోదైన అభిమానుల ఓటు ఉండాలి. వాళ్ళు వద్దంటే క్లబ్ మూసేయవచ్చు, మోసుకుపోకూడదు. కొత్త ఊరివాడికి అంత మోజు ఉంటే కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి. జర్మనీలో ఓటు హక్కుల్లో సగానికి పైగా సభ్యుల సంఘం దగ్గరే ఉండాలన్న నియమంతో కూడా పెద్ద పెద్ద క్లబ్బులు నడుస్తూనే ఉన్నాయి. స్పెయిన్ కూడా 2022 చివర్లో తెచ్చిన కొత్త క్రీడా చట్టంతో, కంపెనీగా మారక తప్పదన్న నిబంధనను ఎత్తేసింది. ముప్ఫై రెండేళ్ళు పట్టింది. సియుదాద్‌కు ఆ సవరణ పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఇక మా చిన్నోడి ప్రశ్న. మరుసటి రోజు పొద్దున వాడికి ఇదంతా నాకు చేతనైనట్టు చెప్పాను. "నువ్వు దొంగవి కాదు బిడ్డా. నువ్వు పుట్టేసరికి టీం ఇక్కడే ఉంది. మన క్లబ్ 2007లో వింబుల్డన్ కప్పుల మీద, చరిత్ర మీద హక్కు వదులుకుని అవన్నీ వాళ్ళ ఊరికి తిరిగి ఇచ్చేసింది కూడా. కానీ ఆ తాత చెప్పింది అబద్ధం కాదు. ఆయన దగ్గర్నుంచి ఏదో పోయింది, అది మన ఊరికి వచ్చింది. ఆయన ఎదురైతే వాదించకు, ఆ పాత రోజుల గురించి అడుగు" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "మరి మన టీంను కూడా ఎవరైనా కొనుక్కుని తీసుకెళ్ళిపోతే?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.